భాగంలో భాగం: భవన నమూనాల్లో పారామీటర్ల లింకు

భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తలుపు, కిటికీ, మెట్టు, దూలం వంటివాటిని ఉత్త గీతలుగా గీయరు. కొలతలు మార్చుకోగల వస్తువులుగా తయారు చేస్తారు. ఆ కొలతలను, వాటితోపాటు పదార్థం, సంఖ్య, రకం వంటి విలువలను పారామీటర్లు అంటారు. ఒక వస్తువులో మరో వస్తువు ఇమిడి ఉన్నప్పుడు, బయటి దాని విలువ మారగానే లోపలిది కూడా మారేలా రెండు పారామీటర్లను ముడివేయడమే పారామీటర్ల లింకు. ఇలాంటి వస్తువులను ఫ్యామిలీలు అని పిలిచే రెవిట్‌లో దీన్ని నెస్టెడ్ ఫ్యామిలీల లింకుగా ఎరుగుదురు. ఆర్కిక్యాడ్, స్కెచప్, ఫ్రీక్యాడ్, గ్రాస్‌హాపర్‌లలోనూ ఇదే పని వేర్వేరు దారుల్లో జరుగుతుంది.

రెండు రెక్కల తలుపుతో ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. గుమ్మం వెడల్పు 1200 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు పక్కల నిలువు ఫ్రేమ్ చెక్కలు 60 చొప్పున 120 పోతే 1080 మిగులుతుంది. రెక్కలకూ ఫ్రేమ్‌కూ మధ్య రెండు సందులు, రెక్కల నడుమ ఒకటి, ఒక్కోటి 4 చొప్పున మరో 12 తీసేస్తే 1068. అందులో సగం, అంటే 534, ఒక్కో రెక్క వెడల్పు. గుమ్మాన్ని 1500కు పెంచితే రెక్క 684 అవుతుంది. లెక్క చిన్నదే. ప్రతి తలుపుకూ, డిజైన్ మారిన ప్రతిసారీ దాన్ని మర్చిపోకుండా చేయడమే కష్టం. ఆసుపత్రి నమూనా సగం పూర్తయ్యాక, స్ట్రెచర్లు తిరగడానికి వార్డుల తలుపులన్నీ వెడల్పు చేయమంటే, లింకు ఉన్నచోట ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది. లేనిచోట గుమ్మం పెరుగుతుంది, రెక్క పాత కొలతలోనే ఉండిపోతుంది. ఆ తేడా డ్రాయింగులో ఎవరి కంటా పడకపోతే వడ్రంగి దగ్గర బయటపడుతుంది.

ఎక్కడ మొదలైంది

వస్తువులో వస్తువు అనే ఆలోచన కంప్యూటర్ గ్రాఫిక్స్ అంత పాతది. 1963లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఐవన్ సదర్లాండ్ తన పీహెచ్‌డీ కోసం స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. లింకన్ ల్యాబొరేటరీలోని టీఎక్స్-2 కంప్యూటర్ తెర మీద లైట్ పెన్నుతో బొమ్మ గీసి, ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి, ఆ రెండు సమాన పొడవు ఉండాలి అని నిబంధనలు పెట్టవచ్చు. ఒక మూల చిత్రం గీసి దాని నకళ్లను మరో చిత్రంలో ఎన్నిచోట్లనైనా అమర్చవచ్చు. మూలాన్ని సవరిస్తే నకళ్లన్నీ మారతాయి. ఆ నకళ్లున్న చిత్రాన్ని ఇంకో చిత్రంలో పెట్టుకోవడానికీ వీలుండేది. ఇవాళ్టి నెస్టెడ్ ఫ్యామిలీకి పునాది అక్కడే పడింది.

ఈ ఊహను యంత్ర భాగాల తయారీ రంగం ముందుగా అందిపుచ్చుకుంది. శామ్యూల్ గైస్‌బర్గ్ 1985లో స్థాపించిన పారామెట్రిక్ టెక్నాలజీ కార్పొరేషన్ 1980ల చివర్లో ప్రో-ఇంజనీర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆ కంపెనీలో పనిచేసిన లియొనిడ్ రైజ్, ఇర్విన్ యుంగ్‌రైస్ 1997లో మసాచుసెట్స్‌లోనే చార్లెస్ రివర్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. యంత్రాలకు పనికొచ్చిన పద్ధతి భవనాలకూ పనికొస్తుందన్నది వాళ్ల నమ్మకం. 2000లో రెవిట్ మొదటి వెర్షన్ విడుదలైంది. 2002లో ఆటోడెస్క్ ఆ కంపెనీని 13.3 కోట్ల డాలర్లకు కొనేసింది. రెవిట్‌లో గోడలు, నేలలు వంటివి సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటాయి. తలుపులు, కిటికీలు, ఫర్నిచర్, పైపు ఫిట్టింగుల వంటివాటిని వాడేవాళ్లే ఫ్యామిలీలుగా తయారు చేసుకోవచ్చు. అందుకు ప్రోగ్రామింగ్ రానక్కర లేదు. ఆ ఒక్క నిర్ణయం వల్ల పారామీటర్ల లింకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల చేతుల్లోంచి డ్రాఫ్ట్స్‌మన్ చేతుల్లోకి వచ్చింది.

అంతకుముందే బుడాపెస్ట్‌లో గాబోర్ బోయార్ స్థాపించిన గ్రాఫిసాఫ్ట్, ఆర్కిక్యాడ్ కోసం జీడీఎల్ అనే వర్ణన భాషను తయారు చేసింది. తలుపైనా కుర్చీయైనా అందులో ఒక చిన్న ప్రోగ్రామ్. దాని సంగతి కింద వస్తుంది.

రెవిట్‌లో లింకు ఎలా పడుతుంది

తలుపు రెక్కను విడిగా ఒక ఫ్యామిలీగా గీస్తారు. దానికి వెడల్పు, ఎత్తు, మందం, పదార్థం అనే పారామీటర్లు పెడతారు. తర్వాత గుమ్మం ఫ్యామిలీని తెరిచి అందులోకి రెక్కను లోడ్ చేస్తారు. గుమ్మం ఇక్కడ హోస్ట్, రెక్క నెస్టెడ్. రెక్కను ఎంచుకుని దాని ప్రాపర్టీస్ చూస్తే ప్రతి విలువకూ కుడి అంచున ఒక చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కగానే గుమ్మంలో ఉన్న పారామీటర్ల జాబితా వస్తుంది. కావలసినదాన్ని ఎంచుకుంటే ఆ బటన్ మీద సమాన చిహ్నం కనబడుతుంది, పక్కనున్న అంకె మసకబారుతుంది. ఇకనుంచి ఆ కొలతను రెక్క దగ్గర మార్చడం కుదరదు. గుమ్మమే చెప్పాలి.

జాబితాలో అన్ని పారామీటర్లూ రావు. పొడవుకు పొడవు, పదార్థానికి పదార్థం, అవును-కాదు విలువకు అవును-కాదు విలువ, ఇలా జాతి కలిస్తేనే లింకు. పేర్లు కలవాల్సిన పని లేదు. రెక్కలో ‘వెడల్పు’ అని ఉన్నది గుమ్మంలో ‘రెక్క వెడల్పు’ అనే పారామీటర్‌కు ముడిపడవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రెండు చోట్లా ఒకే పేరు పెడితే చాలు, లింకు దానంతట అదే పడుతుందని అనుకుంటారు. రెవిట్‌లో అలా జరగదు. బటన్ నొక్కి కలిపితేనే కలుస్తుంది. మరో చిక్కు: రెక్క ఫ్యామిలీలో ఒక కొలతను అక్కడి సూత్రమే లెక్కగడుతుంటే దాన్ని బయటి నుంచి నడపడం సాధ్యం కాదు. ఒక కొలతకు ఇద్దరు యజమానులు ఉండరు. లోపలి సూత్రాన్ని తీసేసి, ఆ లెక్కను హోస్ట్‌లోకి మార్చుకోవాలి.

అందుకే పైన చెప్పిన 534 లెక్క రెక్కలో కాక గుమ్మంలో ఉండాలి. గుమ్మం వెడల్పు నుంచి రెండు ఫ్రేమ్ మందాలు, మూడు సందులు తీసి రెండుతో భాగించే సూత్రాన్ని ‘రెక్క వెడల్పు’ అనే హోస్ట్ పారామీటర్‌కు రాసి, దాన్ని రెండు రెక్కలకూ లింకు చేస్తే పని అయిపోయినట్టే. ఒకే హోస్ట్ పారామీటర్ ఎన్ని నెస్టెడ్ భాగాలనైనా నడపగలదు. రెక్క మాత్రం తన చుట్టూ గుమ్మం ఉందన్న సంగతి తెలియకుండా ఉండటమే మంచిది. అప్పుడు అదే రెక్కను ఒంటి రెక్క తలుపులోనూ, అల్మరాలోనూ వాడుకోవచ్చు.

రెక్కకు పిడి ఉందనుకుంటే మరో మెట్టు వస్తుంది. పిడి రెక్కలో, రెక్క గుమ్మంలో. గుమ్మం దగ్గర కూర్చుని పిడి పదార్థాన్ని ఇత్తడి నుంచి స్టీలుకు మార్చాలంటే గుమ్మం నేరుగా పిడిని అందుకోలేదు. పిడి పదార్థాన్ని ముందు రెక్కలోని ఒక పారామీటర్‌కు, దాన్ని గుమ్మంలోని ఇంకో పారామీటర్‌కు లింకు చేయాలి. ప్రతి మెట్టులోనూ ముడి పడాలి. మధ్యలో ఒక్కటి తప్పినా కింద ఏమీ కదలదు, హెచ్చరిక కూడా రాదు. లింకులన్నిటినీ ఒక్కచోట పటంలా చూపించే ఏర్పాటు ఫ్యామిలీ ఎడిటర్‌లో లేకపోవడం ఈ పద్ధతికున్న అతి పెద్ద లోపమని చెప్పాలి. పాత ఫ్యామిలీని సవరించేవాళ్లు ఒక్కో భాగాన్ని తెరిచి, సమాన చిహ్నం ఎక్కడుందో, ఎక్కడ లేదో వెతుక్కోవలసి వస్తుంది.

కొలత వేరు, చోటు వేరు

లింకు రెక్క ఎంత వెడల్పు ఉండాలో చెబుతుంది, ఎక్కడ ఉండాలో చెప్పదు. రెక్కను మధ్య గీత నుంచి ఇరువైపులా పెరిగేలా గీసి ఉంటే, వెడల్పు మారగానే కీలు వైపు అంచు ఫ్రేమ్‌లోకి చొచ్చుకుపోతుంది. కీలు అంచునే మూలబిందువుగా పెట్టి గీస్తే రెక్క ఒక్క దిక్కుకే పెరుగుతుంది. రెవిట్‌లో మూలబిందువును నిర్ణయించేవి రిఫరెన్స్ ప్లేన్లు. రెక్కలోని రిఫరెన్స్ ప్లేన్‌ను గుమ్మంలోని రిఫరెన్స్ ప్లేన్‌కు అలైన్ చేసి లాక్ వేయాలి. అనుభవమున్నవాళ్లు ఫ్యామిలీ తయారీని ఘనరూపంతో మొదలుపెట్టరు. ముందు రిఫరెన్స్ ప్లేన్లు, తర్వాత వాటి మధ్య కొలతలు, ఆ కొలతలకు పారామీటర్లు, అన్నీ సరిగా కదులుతున్నాయని తేలాకే ఘనరూపం. ఇలా అంకెలు మార్చి చూడటాన్ని ఫ్లెక్స్ చేయడం అంటారు. నెస్టెడ్ భాగాన్ని హోస్ట్‌లోకి లోడ్ చేయకముందే ఒకసారి, లింకు వేశాక మరోసారి ఫ్లెక్స్ చేస్తే, తప్పు ఏ మెట్టులో ఉందో వెంటనే తెలిసిపోతుంది.

సూత్రాల విషయంలో రెవిట్ ప్రమాణాలను గట్టిగా పట్టించుకుంటుంది. పొడవును పొడవుతో గుణిస్తే విస్తీర్ణం, పొడవును పొడవుతో భాగిస్తే వట్టి సంఖ్య. వెంటిలేటర్ ఎత్తు 1000 మిల్లీమీటర్లు, పలకల మధ్య దూరం 75 అయితే భాగహారం 13.33 వస్తుంది. దాన్ని కిందికి దించి 13 చేసి, పూర్ణసంఖ్య పారామీటర్‌గా లింకు చేస్తే పలకల సంఖ్య ఎత్తుతోపాటు పెరుగుతుంది, తగ్గుతుంది. వట్టి సంఖ్యను పొడవు పారామీటర్‌లోకి తోస్తే ప్రమాణాలు పొసగడం లేదని మెసేజ్ వస్తుంది. 1 మిల్లీమీటరుతో గుణించి పంపాలి. సూత్రాల్లో పారామీటర్ పేరు రాసేటప్పుడు పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కలోకి వస్తుంది. గుమ్మం వెడల్పు రెక్క మీద, రెక్క వెడల్పు గుమ్మం మీద ఆధారపడేలా రాస్తే సూత్రాలు గుండ్రంగా తిరుగుతున్నాయని చెప్పి ఆపేస్తుంది.

ఏ ప్రమాణంలో చూపించినా రెవిట్ పొడవులన్నిటినీ లోపల దశాంశ అడుగుల్లోనే దాచుకుంటుంది. అందువల్ల అమెరికా కంపెనీ అడుగులు, అంగుళాల్లో చేసిన పిడిని మిల్లీమీటర్లలో చేసిన రెక్కకు లింకు చేసినా కొలత చెడదు. హైదరాబాద్‌లో విదేశీ ప్రాజెక్టులకు బిమ్ (భవన సమాచార నమూనా) సేవలు అందించే కార్యాలయాల్లో అమెరికా పని అడుగుల్లో, గల్ఫ్ పని మిల్లీమీటర్లలో పక్కపక్కనే నడుస్తుంటుంది. అక్కడివాళ్లకు ఈ సంగతి రోజూ పనికొచ్చేదే.

టైప్, ఇన్‌స్టెన్స్, షేర్డ్

పారామీటర్ టైప్‌కు చెందినదైతే ఆ టైప్ తలుపులన్నీ ఒక్కసారిగా మారతాయి. ఇన్‌స్టెన్స్‌కు చెందినదైతే ఎంచుకున్న తలుపు ఒక్కటే మారుతుంది. లింకులో ఎక్కువ తలనొప్పి షేర్డ్ ఫ్యామిలీల దగ్గర వస్తుంది. మామూలు నెస్టెడ్ భాగం హోస్ట్‌లో కలిసిపోతుంది; ప్రాజెక్టులో దాన్ని విడిగా లెక్కించడం, ట్యాగ్ పెట్టడం కుదరదు. ఫ్యామిలీ ప్రాపర్టీస్‌లో షేర్డ్ అని టిక్ పెడితే ఆ భాగం హోస్ట్‌లో ఉంటూనే ప్రాజెక్టులోకి తానుగానూ వస్తుంది. హాస్టల్ భవనంలోని తలుపుల పిడులు, కీళ్లు, తాళాలు ఎన్నో షెడ్యూల్‌లో చూపాలంటే వాటిని షేర్డ్‌గా చేయడం తప్పదు. అందుకు చెల్లించే మూల్యం ఏమిటంటే, షేర్డ్ నెస్టెడ్ ఫ్యామిలీ టైప్ పారామీటర్లను హోస్ట్ నడపలేదు. ఇన్‌స్టెన్స్ పారామీటర్లకే లింకు పడుతుంది. కొలతలను ఇన్‌స్టెన్స్‌గా మార్చుకోవాలి, లేదా ముందే కొన్ని టైప్‌లు తయారుచేసి వాటిలో ఒకటి ఎంచుకునే వీలు కల్పించాలి.

షేర్డ్ ఫ్యామిలీ, షేర్డ్ పారామీటర్ ఒకటి కావు. షేర్డ్ పారామీటర్ అంటే ఒక టెక్స్ట్ ఫైలులో తనకంటూ గుర్తింపు సంఖ్యతో నమోదైన పారామీటర్. అలాంటిదైతేనే ఫ్యామిలీలో పెట్టిన విలువను ప్రాజెక్టులోని ట్యాగ్‌లు, షెడ్యూళ్లు చదవగలుగుతాయి. లోపలి రెక్క అగ్ని నిరోధక సమయం తలుపుల షెడ్యూల్‌లో రావాలంటే, దాన్ని గుమ్మంలోని షేర్డ్ పారామీటర్‌కు లింకు చేస్తే చాలు, రెక్కను షేర్డ్‌గా చేయనక్కర లేదు.

కొలతలనే కాదు, భాగాన్నే మార్చే లింకు కూడా ఉంది. గుమ్మంలోని నెస్టెడ్ రెక్కకు ఫ్యామిలీ టైప్ పారామీటర్ తగిలిస్తే, ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు జాబితాలోంచి చెక్క రెక్క, అద్దాల రెక్క, జాలీ రెక్క ఎంచుకోవచ్చు. మూడు రెక్కలనూ ఒకేచోట పెట్టి అవును-కాదు పారామీటర్లతో ఒకటి చూపి రెండు దాచేవాళ్లూ ఉన్నారు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, దాచిన రెక్కలు కూడా ఫైలులో ఉండి బరువు పెంచుతాయి. రెక్క మార్చే పద్ధతే మేలు.

ఫ్యామిలీల హద్దు దాటి ప్రాజెక్టు స్థాయిలో లింకు వేసే గ్లోబల్ పారామీటర్లు రెవిట్ 2016 రెండో విడుదలతో వచ్చాయి. నడవ వెడల్పు అని ఒకటి పెట్టి, ఎన్ని నడవలనైనా దానికి కట్టవచ్చు.

ఇతర సాఫ్ట్‌వేర్లలో

ఆర్కిక్యాడ్ జీడీఎల్‌లో ఒక వస్తువు ఇంకోదాన్ని కాల్ అనే ఆదేశంతో పిలుస్తుంది. పిలిచేటప్పుడు ఏ పారామీటర్‌కు ఏ విలువో విడివిడిగా రాయవచ్చు, లేదా అన్ని పారామీటర్లూ పంపమని ఒక్క మాటలో చెప్పవచ్చు. అన్నీ పంపమన్నప్పుడు పేరు కలిసినవి అందుతాయి, కలవనివాటికి లోపలి వస్తువు తన సొంత విలువే వాడుకుంటుంది. రెవిట్‌లో పనికిరాని పేర్ల పోలిక ఇక్కడ ప్రాణం. పేరు ఒక్క అక్షరం తప్పినా లింకు పోతుంది, లోపలి వస్తువు మాత్రం చడీచప్పుడూ లేకుండా పాత విలువతో వచ్చి నిలబడుతుంది.

2008లో స్కెచప్ 7తో వచ్చిన డైనమిక్ కాంపొనెంట్లలో దిశ తలకిందులు. అక్కడ లోపలి భాగమే తన సూత్రంలో బయటి భాగం పేరు, ఆశ్చర్యార్థకం, కావలసిన కొలత రాసి విలువను లాక్కుంటుంది. నేర్చుకోవడానికి సులువే. కానీ లోపలి భాగానికి బయటి దాని పేరు తెలియాల్సి రావడంతో దాన్ని తీసి మరోచోట పెట్టడం కష్టమవుతుంది. ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో కొలతలను స్ప్రెడ్‌షీట్‌లో రాసి, గడులకు పేర్లు పెట్టి, వస్తువుల సూత్రాల్లో ఆ పేర్లు వాడతారు. డేవిడ్ రటన్ రూపొందించగా 2007లో రైనో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల ముందుకొచ్చిన గ్రాస్‌హాపర్‌లో లింకులు తీగల్లా తెర మీదే కనబడతాయి. ఏ అంకె ఎక్కడినుంచి వస్తోందో వేలితో చూపవచ్చు. వందలాది తీగలు అల్లుకున్నాక ఆ సౌకర్యం తగ్గుతుంది. అప్పుడు కొన్నిటిని క్లస్టర్‌గా చుట్టి, లోపలికి వెళ్లే, బయటికి వచ్చే విలువలను మాత్రమే ఉంచుతారు.

కట్టి చూపిన భవనాలు

లండన్ వాటర్లూ అంతర్జాతీయ రైల్వే టెర్మినల్ పైకప్పు పారామెట్రిక్ పద్ధతికి తొలినాటి పెద్ద ఉదాహరణ. నికొలస్ గ్రిమ్‌షా సంస్థ డిజైన్ చేయగా 1993లో పూర్తయింది. దాదాపు 400 మీటర్ల పొడవున వంపు తిరుగుతూ ఇరుకయ్యే స్థలం అది. పైకప్పును మోసే 36 కమానుల అమరిక ఒక్కటే, కొలతలు వేరు. కమానులను విడివిడిగా గీయకుండా, ట్రస్ పరిమాణాన్నీ వంపునూ కమాను వెడల్పుతో ముడివేసిన ఒకే నమూనా తయారుచేసి, వెడల్పు మార్చుతూ మొత్తం కమానులను పుట్టించారు.

డబ్లిన్‌లో 2010లో తెరిచిన అవీవా స్టేడియం ఇంకో మెట్టు పైకెళ్లింది. అక్కడ ముడి పడినది రెండు సంస్థల మధ్య. ఆర్కిటెక్టులు పాపులస్, ఇంజనీర్లు బ్యూరో హాపోల్డ్. రెండు చోట్లా వాడింది బెంట్లీ కంపెనీ జనరేటివ్ కాంపొనెంట్స్. స్టేడియం రూపాన్ని నిర్ణయించే అంకెలను ఆర్కిటెక్టులు ఎక్సెల్ ఫైలులో ఉంచి పంపేవారు. ఇంజనీర్ల నమూనా ఆ ఫైలునే చదివి పైకప్పు ఉక్కు నిర్మాణాన్ని తిరిగి లెక్కగట్టేది. ఎవరి నమూనా వాళ్లదే, అంకెల పట్టిక మాత్రం ఒక్కటే.

సాఫ్ట్‌వేర్ మారితే

ఒక సాఫ్ట్‌వేర్‌లోంచి మరోదానికి భవన నమూనాను పంపడానికి బిల్డింగ్‌స్మార్ట్ సంస్థ నిర్వహించే ఐఎఫ్‌సీ పద్ధతిని వాడతారు. 2013లో అది ఐఎస్ఓ 16739గా అంతర్జాతీయ ప్రమాణమైంది. తలుపు ఆకారం, వెడల్పు, ఎత్తు, పదార్థం, అది ఏ గోడలో ఉందన్నది ఐఎఫ్‌సీలో వెళతాయి. ఫ్యామిలీలో రాసిన సూత్రాలు, లింకులు వెళ్లవు. రెక్క 534 అని అవతలివాళ్లకు తెలుస్తుంది, ఆ 534 ఎలా వచ్చిందో తెలియదు. వాళ్ల దగ్గర గుమ్మాన్ని 1500 చేస్తే రెక్క కదలదు. భవనం పదేళ్ల తర్వాత విస్తరించాల్సి వస్తే చేతిలో ఉండేది గడ్డకట్టిన నమూనా. కాబట్టి భవన యజమానులు ఐఎఫ్‌సీ ఫైలుతో సరిపెట్టుకోకూడదు. మూల సాఫ్ట్‌వేర్ ఫైలు, అందులో వాడిన ఫ్యామిలీలు, షేర్డ్ పారామీటర్ల టెక్స్ట్ ఫైలు, ఈ మూడింటినీ అప్పగించాలని డిజైనర్లతో కుదుర్చుకునే ఒప్పందంలోనే రాయించుకోవాలి.